బంగారం నీళ్ళు

ఆసుపత్రి ఫ్రిజ్‌లోని ఎర్ర సీసాలో బంగారం ఉందని తెలిసిన రోజే దాన్ని కొట్టెయ్యాలని దాసు డిసైడైపోయాడు.

నర్సీపట్నంలో ఆ చిన్న ఆసుపత్రికి అతను అటెండరు. కేన్సరు పరీక్షకి వాడే ఆ నీళ్ళలో కంటికి కనపడనంత సన్నటి బంగారం రేణువులు ఉంటాయట. రక్తంలోంచి తీసిన జన్యువులో తేడా ఉంటే ఎరుపు కాస్తా నీలం అయిపోతుంది, లేకపోతే ఎరుపు ఎరుపే. డాక్టరు రోజారమణిగారు ఇంత చక్కగా వివరిస్తే, మన దాసు చెవికెక్కింది ‘బంగారం’ ఒక్కటే.

అసలు ఆవిడ ఏం చెప్పినా అతనిది ఒకటే జవాబు. "అలాగేనండి." వినేదీ లేదు, చేసేదీ లేదు.

మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళగానే సీసాలోది వంపేసుకుని, బదులు బీట్‌రూట్ రసం పోసి పెట్టాడు. అచ్చం అదే రంగు! తీరా కంసాలి గంగులు దాన్ని స్టవ్ మీద మరిగిస్తే, అడుగున మిగిలింది ఓ నల్లటి మరక.

"ఏట్రా ఇది? నీ బంగారం మండా, నా గిన్ని కూడా పాడుసేసింది," అన్నాడు గంగులు.

శుక్రవారం దాకా పరీక్షకొచ్చిన పదకొండు మందికీ ఎరుపే వచ్చింది. బీట్‌రూట్ రసం నీలం ఎలా అవుతుంది మరి? పదకొండు కుటుంబాలు సంతోషంగా ఇళ్ళకెళ్ళాయి. దాసు కూడా హాయిగా టీ తాగాడు.

శనివారం ల్యాబ్‌లోంచి నవ్వుతూ బయటికొచ్చింది అతని భార్య సీతాలు. వాళ్ళమ్మా, అక్కా ఇద్దరూ రొమ్ము కేన్సరుతోనే పోయారు. ఆ భయంతో దాసుకి చెప్పకుండా తనూ పరీక్ష చేయించుకుంది.

"ఎర్రగానే ఉందంట మావా! నాకేటీ లేదంట!"

దాసు పరిగెత్తుకెళ్ళి డాక్టరమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

"ఆ ఎరుపు నమ్మకండమ్మా! అది బీట్‌రూట్ రసం. బంగారానికి ఆశపడి నానే మార్సీసేను. నన్ను పోలీసులకి అప్పసెప్పీయండి, మా సీతాలుకి మాత్రం బేగి మల్లీ సెయ్యండి. అది లేకపోతే నాను బతకలేనమ్మా!"

రోజారమణిగారు పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి, దాసు వైపు తిరిగారు.

"సీతాలుకీ ఏమీ లేదు, అంతకుముందు వచ్చిన పదకొండు మందికీ లేదు. అందరికీ లోపలి గదిలో ఉన్న కొత్త సీసాతోనే చేశాను," అన్నారు. "ఫ్రిజ్‌లోది గడువు దాటిపోయింది, పారబోసెయ్యమని సోమవారం నీకే కదయ్యా చెప్పాను. ‘అలాగేనండి’ అన్నావు కూడానూ!"