చివరి బెంచీకి వినబడాలి

"నాన్నా, ఎనకాల బండొస్తంది!"

స్వాతి కావాలనే గట్టిగా అరిచింది. గుమ్మంలో అటు తిరిగి కూర్చుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెడుతున్న తవిటయ్య కదల్లేదు. అతని చేతిలో బ్రష్ ఆగలేదు. పక్క రైల్వే క్వార్టర్ ముందు పడుకున్న కుక్క మాత్రం ఉలిక్కిపడి లేచి మొరిగింది.

వంటింట్లోంచి రాధారాణి పరుగున వచ్చి కూతురి రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

"ఏటే ఆ అరుపులు? ఓల్డ్ సెటిల్‌మెంటు కాలనీ అంతా ఇనాలా?"

"అందరూ ఇన్నారమ్మా. నాన్నే ఇన్లేదు."

తల్లి పొయ్యి వైపు తిరిగి పప్పు కలపసాగింది. ఆ వీపు చూస్తే చాలు, స్వాతికి అర్థమైపోయింది.

"నీకు ముందే తెలుసా?"

"సెవులు పోయి సాన్నాళ్ళయినాది. మూతి సూసి మాట పట్టీస్తాడు."

"మరి లైను మీద?"

"గ్యాంగులో టోని పక్కనే ఉంటాడు కదే. బండొస్తే బుజం తడతాడు."

"సోమారం నుంచి నాన్న కీమ్యానమ్మా! గ్యాంగుండదు, టోని ఉండడు. ఒక్కడే బోల్టులు సూసుకుంటా పట్టాలెంట నడవాల. అప్పుడెవుడు తడతాడు?"

రాధారాణి చేతిలో గరిటె ఆగింది.

"సెప్తే లైన్లోంచి తీసీసి ఆఫీసులో కూకోబెడతారు. 'ఆళ్ళ చాయ్ కప్పులు మోసిన రోజు నాను సచ్చినట్టే' అన్నాడు. నా సేత ఒట్టేయించుకున్నాడు. నువ్వూ ఎయ్యి. ఇంజినీరుకి గానీ, మాస్టారుకి గానీ, నోరిప్పి ఒక్క మాట సెప్పనని మీ నాన్న మీద ఒట్టెయ్యి."

స్వాతి తల్లి అరచేతిలో చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు.

"ఏటే, ఈయేళ పేక్టీసు లేదా?" ముందుగదిలోకి వచ్చిన స్వాతిని చూసి తవిటయ్య బూట్లు పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఆదోరం సంఘం హాల్లో ఉపన్యాసాల పోటీకి మా సెక్షన్ ఇంజినీరు సాబే గెస్టు. నా పరువు నీ సేతిలో ఉన్నాది."

స్వాతి మొదలుపెట్టింది. తండ్రి కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. రోజూ అక్కడే ఉండేవి కాబోలు, ఆమే చూడలేదు.

"భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ అసెంబ్లీలో బాంబులతో పాటు విసిరిన కరపత్రంలో మొదటి మాట ఇదే. చెవిటివాళ్ళకు వినబడాలంటే శబ్దం గట్టిగా ఉండాలి!"

"శభాష్!" తవిటయ్య తొడ చరిచాడు. "ఒక్కటే సెప్తాను. మైకు మూతికి అడ్డెట్టుకోకు. నీ మొకం అగుపించాల."

ఆ మాట రోజూ చెప్పేదే. ఎందుకు చెబుతాడో ఇవాళ తెలిసింది.

మర్నాడు బళ్ళో రిహార్సలప్పుడు లక్ష్మీకాంతం మాస్టారు మాత్రం తల పట్టుకున్నాడు. "అమ్మాయ్, బాంబు పేలిన చోట బొమ్మలా నిలబడితే ఎలా? మొన్నటిదాకా బాగానే చెప్పావే! చెవిటివాళ్ళ సంగతి తర్వాత, ముందు చివరి బెంచీకి వినబడనీ!"

"అలాగే మాస్టారూ" అంది స్వాతి. అన్నం తిను అన్నా, పడుకో అన్నా అలాగే అంటోంది. ఒంట్లో ఏదో స్విచ్చి కట్టేసినట్టుంది.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. స్టేజీ మీద, జనానికి ఎదురుగా, ఇంజినీరు రాజ్ కిరణ్ కూర్చున్నాడు. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో తవిటయ్య, పక్కన రాధారాణి. వెనకెక్కడో టోని.

పేరు పిలవగానే స్వాతి వెళ్ళి మైకును పక్కకు జరిపింది. తండ్రి మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆమె దండం పెట్టి మొదలుపెట్టింది. ఎక్కడ చెయ్యెత్తాలో అక్కడ ఎత్తింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

కాసేపటికే వెనక గోల మొదలైంది.

"మైకు పోయినట్టున్నాది!"

"ఆవాజ్ దే, బేటీ!" టోని అరిచాడు.

స్టేజీ పక్కనుంచి మాస్టారు రెండు చేతులూ పైకి లేపుతూ సైగలు చేస్తున్నాడు, గొంతు పెంచు, గొంతు పెంచు అని. స్వాతి అటు చూడలేదు. తండ్రినే చూస్తోంది. ఆయన మురిసిపోతున్నాడు. ఆమెతో పాటు ఆయన పెదవులూ కదులుతున్నాయి. బాంబు దగ్గరికి వచ్చేసరికి పిడికిలి బిగించాడు. రాధారాణి ఒక్కసారి భర్త వైపు చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్వాతి చివరి మాట ముగించి తల వంచి నమస్కరించింది.

తవిటయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కొడుతూనే వెనక్కి తిరిగాడు. బిత్తరపోయి చూస్తున్న జనాన్ని చూసి కోపం వచ్చింది.

"ఏటలా సూస్తారు? కొట్టండి! పిల్ల అంత బాగా సెప్పినాది కదా!"

ఎవ్వరూ కొట్టలేదు. ఇంజినీరు కుర్చీలోంచి మెల్లగా లేచాడు. చూపు తవిటయ్య మీదే ఉంది.

స్వాతి ఒట్టు తప్పలేదు. మొదటినుంచి చివరిదాకా పెదవులు కదిపిందే తప్ప, గొంతులోంచి ఒక్క శబ్దం కూడా రానివ్వలేదు.