మూడో లైను

"మూడో లైను ఆగింది. స్తంభం ఎక్కొచ్చు," అన్నాడు కరెంటు సబ్‌స్టేషన్ ఆపరేటర్ వాకీటాకీలో. స్క్రీన్ మీద 'మూడు' ఆకుపచ్చకి తిరిగింది.

"సరే అన్నా, ఎక్కుతున్నా."

ఆపరేటర్ కుర్చీలోంచి లేచాడు. ఆ గొంతు సొంత తమ్ముడిది. లైన్‌మన్‌గా చేరి నెల తిరగలేదు.

"నువ్వెందుకొచ్చావురా అక్కడికి?"

"అక్క మళ్లీ మెట్ల మీంచి జారిపడిందట. చెయ్యి విరిగినట్టుంది. బావ ఆస్పత్రికి తీసుకెళ్తూ, తన బదులు నన్నెక్కమన్నాడు."

"ఎక్కకు! ముందు టెస్టర్ పెట్టి చూడు!"

"నువ్వు ఆపాక కూడా టెస్టరా? మా అన్న మీద నాకే నమ్మకం లేదనుకుంటారు జనం," నవ్వాడు తమ్ముడు. "సెట్టు నడుముకి దోపుకుంటున్నా. రెండు చేతులూ కావాలి."

ఆ తర్వాత గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఎంత అరిచినా ఆ హోరులో వాడికి వినపడలేదు.

ఆపరేటర్ 'నాలుగు' నొక్కాడు. వెంటనే మరో లైను ఆపాలంటే ఇద్దరు ఒప్పుకోవాలంది కంప్యూటర్. పక్క కుర్చీలో కొత్త ఇంజినీరమ్మాయి ఉంది.

"నాలుగు మార్కెట్‌ది కదా సార్! మీ తమ్ముడున్నది మూడు మీద. అది ఆపేశారుగా?"

"పాస్‌వర్డ్ కొట్టమ్మా! నీ కాళ్లు పట్టుకుంటాను."

"కారణం రాయాలి సార్..."

"వాడు పోతాడమ్మా!"

నిచ్చెనకి పద్దెనిమిది మెట్లు. ఒకప్పుడు అతనూ ఎక్కినవాడే. పెదాలు వాటంతటవే లెక్కపెడుతున్నాయి. పన్నెండు... పదమూడు... చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అమ్మాయి అతని మొహం చూసింది. గబగబా కొట్టింది.

'నాలుగు' ఆకుపచ్చకి తిరిగింది. సెట్టులో చప్పుడు లేదు. పదిహేడు... పద్దెనిమిది...

"అన్నా!"

ఇద్దరూ ఎగిరిపడ్డారు.

"చెయ్యి చాచబోతుంటే వైరు గుయ్యిమంటోంది. జుట్టంతా నిక్కబొడుచుకుంది. అంతలో మోత ఠక్కున ఆగిపోయింది. ఏం చేశావన్నా? బతికించావు!"

ఆపరేటర్ కుర్చీలో కూలబడ్డాడు. అమ్మాయి అప్పటికే కంప్యూటర్లో ఓ పట్టిక తెరిచింది.

"ఇది చూడండి సార్. స్క్రీన్ మీద మనం నొక్కేవి ఉట్టి పేర్లు. ఏ పేరు ఏ స్విచ్‌కి ముడిపడి ఉందో ఈ పట్టికలో ఉంటుంది. ఇందులో 'మూడు' వెళ్లి నాలుగో స్విచ్‌కి, 'నాలుగు' వచ్చి మూడో స్విచ్‌కి ముడిపడ్డాయి. పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. చూసేవాళ్లకేం తెలుస్తుంది?" ఆమె ఆ రెండు వరసల మీదా వేలు పెట్టి చూపించింది. "నిన్న సాయంత్రం నేనే సరిచూశాను. ఇంతలో ఎలా మారాయో! మీరు భలే కనిపెట్టారు సార్."

అతను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. గటగటా తాగేశాడు.

పొద్దున డ్యూటీ చీటీలో మూడో లైను ఎదురుగా, అక్క దెబ్బలకి ప్రతిసారీ మెట్ల సాకు చెప్పే బావ పేరు చూడగానే, ఆ రెండు ముళ్లూ విప్పి అటుదిటు మార్చి కట్టింది అతనే.