వెంట్రుకంత వాటా

ముసలాయన దుప్పటి మూట తెచ్చి ఆఫీసు బల్ల మీద దించాడు.

విప్పితే లోపల కంప్యూటర్ డబ్బా. తెల్లగా ఉండాల్సింది ఎప్పుడో పసుపుపచ్చగా మారిపోయింది.

"ఇది రిపేరు షాపు కాదు తాతా!" అంటూ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"తెలుసు నాయనా. ఆసుపత్రి టోకెన్లిచ్చే వెబ్‌సైట్ నడిపేది ఇక్కడేగా? లెక్కలాయన్ని పిలు."

లెక్కలాయన వచ్చాడు. వస్తూనే మొహం చిట్లించాడు.

వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్ళని లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద వస్తున్నారు, ఏ బ్రౌజర్లో చూస్తున్నారు, ఏ సెర్చ్ ఇంజన్లో వెతుక్కుని వచ్చారు అని కనిపెట్టి, ఎవరి వాటా ఎంతో తేల్చి, రంగురంగుల గుండ్రం బొమ్మ గీసి గోడకి అంటిస్తాడు.

ముక్క పెద్దదైతే వాళ్ళ మాట చెల్లుతుంది. చిన్నదైతే వాళ్ళ పేరు 'ఇతరులు'.

"ఒకటో తారీఖు నుంచి ఈ పాత బ్రౌజర్ పనిచెయ్యదని మీ సైట్ బెదిరిస్తోంది బాబూ. కొత్తది ఎక్కిద్దామంటే నా కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు."

"ఎలా ఒప్పుకుంటుందండీ? దాని వయసు చూశారా? కొత్త కంప్యూటర్ కొనుక్కోండి."

"కొనగలిగితే దీన్ని మోసుకొస్తానా?"

"పోనీ ఫోన్లో తీసుకోండి టోకెన్."

"ఫోన్లో అక్షరాలు నాకు చీమలబారులా కనిపిస్తాయి. ఇంకొన్నాళ్ళు పాతదాన్నే నడవనివ్వండి. టోకెన్ లేందే ఆసుపత్రి గడప తొక్కనివ్వరు."

లెక్కలాయన ఆయన్ని గోడ దగ్గరికి లాక్కెళ్ళినంత పని చేశాడు.

"ఈ నీలం ముక్క చూశారా? ఈ పచ్చ ముక్క? ఈ రెంటి మధ్య వెంట్రుకంత గీత ఉంది, కనబడుతోందా? అదీ మీరు! ఊరు మొత్తానికి ఆ బ్రౌజర్ వాడేది మీరొక్కరే."

"నేనొక్కణ్ణే అనుకోకండి. నా వెనకాల మా వీధి..."

"వీధి వీధంతా అదే వాడుతుంటే అప్పుడు రండి. మా లెక్క తప్పదు. ఒకే ఒక్క మిషన్! దానికోసం మా వాళ్ళు ప్రతి పేజీ రెండుసార్లు రాసుకుంటూ కూచోవాలా?"

లెక్కలాయన జేబులో ఫోన్ మోగింది.

"మీటింగ్‌లో ఉన్నానక్కా," అని పెట్టేశాడు.

ముసలాయన ఆ ఫోన్ వంక చూశాడు. చుట్టూ కూచుని నవ్వుకుంటున్న స్టాఫ్ వంక చూశాడు.

"మీ ఇంట్లోవాళ్ళకి టోకెన్లు ఎవరు తీస్తారు బాబూ?"

"మా అక్కకి డయాలసిస్. మా బావ చూసుకుంటాడు. ఏ ఇంట్లో అయినా ఎవరో ఒకరు చూసుకుంటారు. మీ ఇంట్లోనూ చూసుకోమనండి."

ముసలాయన స్టాఫ్ వంక మరోసారి చూశాడు.

దుప్పటి కొసలు దగ్గరికి లాగి ముడేశాడు. "వస్తాను బాబూ."

"పీడా వదిలింది," అన్నాడు లెక్కలాయన.

అక్క దగ్గర్నుంచి తర్వాత కూడా ఫోన్లు వచ్చాయి. తీరిగ్గా మాట్లాడొచ్చులే అనుకున్నాడు.

ఒకటో తారీఖున పాత బ్రౌజర్‌కి తలుపు మూసేశారు.

"బొమ్మ ఇప్పుడు ఎంత శుభ్రంగా ఉందయ్యా!" అని మేనేజర్ మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే అదే మేనేజర్ రంకెలేస్తూ వచ్చాడు.

"డయాలసిస్ మంచాలు ఖాళీగా పడున్నాయని ఆసుపత్రివాళ్ళు చంపుకు తింటున్నారు! వారం వారం తప్పకుండా వచ్చేవాళ్ళే టోకెన్ లేక రావడం లేదట. ఏం చేశావయ్యా?"

"ఏమీ చెయ్యలేదు సార్. ఒక్క మిషన్ ఆపాం, అంతే."

ప్రోగ్రాములు రాసే అమ్మాయి తెర మీంచి తలెత్తింది.

"ఆ మంచాల టోకెన్లన్నీ ఆ ఒక్క మిషన్ నుంచే వచ్చేవి సార్. పేషెంట్లు వేరు వేరు."

"మరి బొమ్మలో ఒక్కటే చూపించిందేం?" అన్నాడు మేనేజర్.

"మనం లెక్కపెట్టేది మిషన్లని. వాటి ముందు కూచున్న జనాన్ని కాదు."

"ఆ ఏడుపేదో ముందే ఏడవొచ్చుగా!" అని లెక్కలాయన ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరడిగారు సార్?"

ఇంతలో లెక్కలాయనకి బావ ఫోన్ చేశాడు. అక్కని ఎమర్జెన్సీలో చేర్చారట.

దారిపొడుగునా బావని తిట్టుకుంటూ వెళ్ళాడు.

అక్క మొహం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.

"ఒక్క టోకెన్ తీయడం చేతకాలేదా బావా నీకు?"

బావ తల దించుకున్నాడు. అక్కే ఆయాసపడుతూ అంది.

"ఆయన్ననకురా. మీ బావకి కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు. నువ్వు తీస్తానన్నావు, మర్చిపోయావు. మా వీధి చివరింటి పెద్దాయనే పాపం, తెల్లారగానే కూచుని మా అందరికీ తీసిపెట్టేవాడు. ఆపేస్తున్నారని తెలిసి నేనే నీ దగ్గరికి పంపాను. మా తమ్ముడు అక్కడే పనిచేస్తాడు, నా పేరు చెప్పండి అన్నాను. నీకూ చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో."



"నీ పేరు చెప్పలేదక్కా," అని గొణిగాడు లెక్కలాయన. "ఇప్పుడెక్కడున్నాడు? ఆ బ్రౌజర్ మళ్ళీ తెరిపిస్తాను."

"ఏం లాభంరా? మీరు తలుపు మూసిన రోజే ఆ డబ్బాని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు."

అక్క ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకుంది.

"నా పేరెందుకు చెప్పలేదని అడిగాన్రా. 'నీకు టోకెన్లు తీసేది నేనేనని అంతమందిలో చెబితే మీ తమ్ముడు చిన్నబోతాడమ్మా' అన్నాడు."