రెండో రిమోట్

పన్నెండు వేలమంది తలా కాస్త డబ్బు వేసుకుని చేయించుకున్న చవక వీడియో ఆటల పెట్టె, రెండేళ్ల ఎదురుచూపు తర్వాత, గాజువాకలో ధనలక్ష్మి ఇంటికి చేరింది. అదెలా ఉంటుందోనని ఆమె రోజూ అత్త అప్పలనరసమ్మను విసిగించేది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా, ఊరందరిలాగే సగం మొహాన్ని కప్పేసే నల్లటి ఆటల కళ్లజోళ్లు పెట్టుకుని ఎవరి ఆట వాళ్లు ఆడుకునేవారు. ధనలక్ష్మి పెళ్లిలో కూడా ఎవరూ వాటిని తీయలేదు.

ఈ కొత్త పెట్టెలో బొమ్మ గోడమీద పడుతుంది. అందుకని ధనలక్ష్మి తన కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. రిమోట్లు మాత్రం రెండున్నాయి.

“రెండోది ఎందుకత్తా? ఒకటి పాడైతే వాడుకోడానికా?”

అత్త కళ్లజోడులో తన ఆట ఆడుకుంటూనే ఉంది. ధనలక్ష్మి రెండోదాన్ని బీరువాలో దాచి పెట్టె ఆన్ చేసింది. గోడమీద అక్షరాలు వెలిగాయి: ‘రెండో మనిషి కోసం చూస్తున్నాం.’ ఆమె టీ పెట్టుకొచ్చేసరికి కూడా అవే ఉన్నాయి.

“ఇదేటత్తా, ఎవులొస్తారు?”

అప్పలనరసమ్మ లేచి బీరువాలోంచి రిమోట్ తీసింది. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని కోడలి పక్కన చాపమీద కూలబడింది.

“కాస్త జరగవే. చిన్నప్పుడు మా అక్కా నేనూ ఇలాగే ఆడుకునేవోళ్లం.”

ధనలక్ష్మి జరిగింది. కాపరానికొచ్చి తొమ్మిదేళ్లయింది. అత్త ఎడమకంటి కింద పుట్టుమచ్చ ఉందని ఆ రోజే చూసింది.