చీము పట్టని గాయం

తెల్లవారినప్పటి నుంచి మబ్బు పట్టే ఉంది, చినుకు మాత్రం రాలలేదు. తిరుపతి ఆసుపత్రి వరండాలో, నగరి నుంచి వచ్చిన వరదమ్మ డాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"పోయిన వారం మగ్గంలోంచి పోగు లాగే నాడె ఎగిరొచ్చి మా ఆయన పిక్క చీరింది సారూ. పొద్దూమాపూ నేనే కడిగినా. ఒక్క చుక్క చీము పట్టలేదు. మరి ఈ జొరం యాడినుంచి వచ్చింది?"

డాక్టరు గొంతు తగ్గించాడు. "చీమంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలమ్మా. క్యాన్సర్ మందులకు ఆయన ఒంట్లో అవి అడుగంటాయి. పోరాడేవే లేవు, అందుకే చీము లేదు. క్రిములు నెత్తురంతా పాకాయి. ఇంక మా చేతుల్లో లేదు."

వరదమ్మ గోడ వారన కూలబడింది. "జొరంగా ఉండాదని ఆయన నాలుగు దినాలు చెప్పినాడు పాపా. పుండు ఎంత బాగా ఆరతా ఉండాదో సూడు, ఊరికే బెదరొద్దని నేనే కసిరినా."

కూతురు గీతాంజలి పక్కన కూర్చుంది. "నేనూ సూసినా కదమ్మా. మానిందనే అనుకుంటి."

ఆ వారమంతా గీతాంజలి గూడూరులో అత్తగారింట్లో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గీతాంజలి క్యారియరు విప్పి, పెరుగన్నం కలిపి, మొదటి ముద్ద తల్లి చేతిలో పెట్టింది. ఇద్దరూ తలలు వంచుకొని తిన్నారు.