పిల్లకి అందని బటన్

“ఇదీ వద్దు. ఇంకోటి తీయండి,” అంది చంటిపిల్ల తల్లి.

కంప్యూటర్ల షాపు యజమాని నుదురు తుడుచుకున్నాడు. కౌంటరు ముందు అప్పటికే కంప్యూటర్ భాగాలు బిగించే ఖాళీ క్యాబినెట్లు అయిదు వరసగా నిలబడి ఉన్నాయి.

“అద్దం తలుపుది వద్దన్నారు. రంగు లైట్లది వద్దన్నారు. దీనికేం తక్కువమ్మా? ఏ సైజు మదర్‌బోర్డయినా పడుతుంది. నిలబెట్టుకోవచ్చు, పడుకోబెట్టుకోవచ్చు. రేపు ఇంకో రెండు డిస్కులు పెట్టుకోవాలన్నా చోటుంది.”

“అన్నీ బాగున్నాయి అన్నయ్యా. బటనే బాగోలేదు.”

ఆమె ఏడాది దాటిన కూతుర్ని చంకలోంచి దించి క్యాబినెట్ ముందు వదిలింది. పిల్ల తడబడుతూ రెండడుగులు వేసి, బటన్ మీద వేలు పెట్టి టిక్కున నొక్కింది. పెద్ద ఘనకార్యం చేసినట్టు అందరి వంకా చూసి నవ్వింది.

“చూశారా? అయిదింటికి అయిదూ నొక్కేసింది.”

“పిల్లని పెట్టి క్యాబినెట్ పరీక్ష చేసేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా!”

ఆమె నవ్వలేదు. “ఇంట్లో టైపింగ్ పని చేస్తున్నా. పాలు కాచాలనో, బట్టలు తీయాలనో మధ్యలో లేస్తా. వచ్చి చూస్తే కంప్యూటర్ ఆరిపోయి ఉంటుంది. చేసిందంతా గోవిందా. కరెంటు పోవడం కాదు, నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఇంకొక్కసారి పని ఆలస్యమైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. ఎనిమిదిలోనే నా చదువు మానిపించేశారు. ఇది పోతే మళ్లీ నాకు పని ఎవరిస్తారు?”

“పసిదాన్నేమీ అనకు అమ్మాయ్. దానికేం తెలుసు పాపం,” అంది స్టూలు మీద కూర్చున్న అత్తగారు. తర్వాత లేచి వెళ్లి, అటుపక్క ఖాళీ కుర్చీల మీద తిరుగుతున్న ఫ్యాను కట్టేసి వచ్చింది. “మనుషుల్లేని కుర్చీలకి గాలెందుకు నాయనా?”

యజమాని నిచ్చెన ఎక్కాడు. పై అరలోంచి దుమ్ముపట్టిన నల్ల క్యాబినెట్ ఒకటి దించాడు. సోకులేం లేవు. లోపల మాత్రం బోలెడు చోటుంది. ముందువైపు బటన్‌ని కప్పుతూ చిన్న ఇనుప తలుపు, దానికో తాళం.

పిల్ల ఆ తలుపుని గోకింది. గుద్దింది. పళ్లతో కొరకబోయింది. చివరికి నేలమీద చతికిలబడి రాగం తీసింది.

తల్లి మొహం వెలిగింది. “ఇదే! కానీ నడిపి చూశాకే తీసుకుంటా.”

ఆమె ఇంటినుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చిన పాత కంప్యూటర్ భాగాలన్నీ యజమాని ఒక్కొక్కటే అందులో బిగించాడు. స్క్రీన్ వెలిగింది. ఆమె నాలుగు లైన్లు టైపు చేసి, ఇనుప తలుపు మూసి తాళం వేసింది. “అరగంట ఆగకుండా నడవాలి. పిల్ల ఇక్కడే తిరుగుతుంది.”

“కంప్యూటర్ కొంటున్నారా, బ్యాంకు లాకరా?”

పిల్ల తాళంచెవి కోసం ఎగబడింది. “దీనికి చిక్కితే నోట్లో పెట్టేసుకుంటుంది. మీ దగ్గరుంచండి అత్తయ్యా.”

అత్తగారు తాళంచెవిని గుప్పిట్లో భద్రంగా బిగించింది.

పది నిమిషాలు. ఇరవై. పిల్ల క్యాబినెట్ చుట్టూ ప్రదక్షిణాలు చేసింది గానీ స్క్రీన్ ఆరలేదు. ఇరవై అయిదో నిమిషంలో దాహమని ఏడిస్తే, తల్లి దాన్ని ఎత్తుకుని గుమ్మం దగ్గరున్న నీళ్ల డబ్బా దగ్గరికి తీసుకెళ్లింది. “ఇంకో అయిదు నిమిషాలే అన్నయ్యా! గెలిచేశాం!”

“హమ్మయ్య,” అంటూ యజమాని మిగతా అయిదు క్యాబినెట్లూ ఒక్కొక్కటే లోపలికి మోయసాగాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి స్క్రీన్ నల్లగా ఉంది.

“అన్నయ్యా!”

యజమాని పరుగెత్తుకొచ్చాడు. పైన బల్బు వెలుగుతూనే ఉంది. పిల్ల తల్లి చంకలోనే ఉంది, గ్లాసు పట్టుకుని గుటకలు వేస్తోంది. ఇద్దరూ ఒకేసారి క్యాబినెట్ వైపు చూశారు.

దాని ముందు గొంతుకూర్చున్న అత్తగారు ఇనుప తలుపు మూసి, జాగ్రత్తగా తాళం వేస్తూ అంది:

“ఎవరూ చూడట్లేదుగా అమ్మాయ్, ఊరికే వెలగడం ఎందుకని ఆపేశా. ఇంట్లో నువ్వు లేచినప్పుడల్లా ఆపేదాన్ని నేనే కదా!”