మూత కింది ఇడ్లీ

కరీంనగర్ ఆసుపత్రిలో పనులన్నీ రోబోలే చేస్తున్నా ఆయా మౌనికను ఇంకా ఉంచుకున్నది ఒక్కందుకే. రోజుకో కొత్త ఉపాయం ఆమెకు తట్టాలి. ఆమె మణికట్టు పట్టీకున్న కన్ను దాన్ని చూసి, తెల్లారేసరికి రోబోలన్నిటికీ నేర్పేస్తుంది. నెలలో మూడు రోజులు ఏమీ తట్టకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఈ నెల అప్పుడే రెండయ్యాయి.

ఆ పొద్దున రాజేశం అనే ముసలాయన ఇడ్లీ ముట్టనన్నాడు. పాటలు, కథలు, బెదిరింపులు రోబోలు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. మౌనికకు ఇంకేమీ తోచలేదు. ఓపిక లేక మంచం అంచున కూలబడి, ఆయన పళ్ళెంలోని ఇడ్లీ తీసుకుని తినేసింది.

"ఏమనుకోకు బాపూ, పొద్దుగాల్నుంచి ఏం తినలే."

"అయ్యో బిడ్డా, చట్నీ ఏసుకో," అంటూ ఆయన పళ్ళెం మధ్యకు జరిపి తానూ తినసాగాడు. ఉపాయం లెక్కలో పడ్డట్టు పట్టీ మీద పచ్చదీపం వెలిగింది.

మర్నాడు వార్డులో ప్రతి మంచం అంచునా ఒక రోబో కూర్చుని ఉంది. "ఏమనుకోకు బాపూ, పొద్దుగాల్నుంచి ఏం తినలే," అంటున్నాయి అన్నీ.

రాజేశం మౌనికను దగ్గరికి పిలిచి తన పళ్ళెం మీది మూత ఎత్తాడు. కింద ఒక ఇడ్లీ దాచి ఉంది.

"నీకే బిడ్డా. వాటికి ఆకలేడిది?"

ఇది పట్టీ కంట పడితే ఇవాళ్టి ఉపాయం కింద చెల్లుతుందని, తెల్లారేసరికి రోబోలు దీన్నీ నేర్చేస్తాయని ఆమెకు తెలుసు. పట్టీ మీద చున్నీ గట్టిగా చుట్టేసి తినడానికి కూర్చుంది.